రష్ అవర్‌పై మా ఇంట్లో పంచాయితీ

రాత్రి ఇంట్లో ‘రష్ అవర్’ పెట్టాం. 1998 నాటి హాలీవుడ్ సినిమా, హీరోలు జాకీ చాన్, క్రిస్ టక్కర్. తమ్ముడు పక్కా క్రిస్ టక్కర్ పార్టీ. "ఆ నోటి ముందు కుంగ్‌ఫూ ఏ మూలకి అన్నయ్యా" అంటాడు. మా ఆవిడకేమో ఆ వాగుడే తలనొప్పి. నేను జాకీ చాన్ వైపు, మొహమాటమేం లేదు.

క్లైమాక్స్‌లో చైనా కళాఖండాల ఎగ్జిబిషన్ ఉంటుందిగా, అక్కడ చూడాలి. రౌడీలను తంతూనే, పడబోతున్న నిలువెత్తు జాడీలను పట్టుకుని నిలబెడుతుంటాడు. తనకు దెబ్బ తగిలినా పర్లేదు, జాడీ పగిలితే మాత్రం కొంప మునిగినట్టు ఆ మొహం! కొట్లాటలో కామెడీ అంటే అదీ.

విచిత్రమేంటంటే, హాలీవుడ్‌లో నిలబెట్టిన ఈ సినిమా ఆయనకే పెద్దగా నచ్చలేదు. నిజం చెప్పాలంటే హాంకాంగ్ సినిమాల పక్కన ఇందులో ఫైట్లు పొట్టివే. జాతి మీద వేసిన జోకులు కొన్ని ఇప్పుడు ఇబ్బందిగానూ ఉన్నాయి. అన్నట్టు, ఈ రిలీజ్ కోసం ఎదురుచూస్తూ ఓ జాకీ వీరాభిమాని మొదలెట్టిందే సినిమా రివ్యూలు పోగేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్!

చివర్లో తప్పిన టేకులు వదిలేయకండి. టక్కర్ చైనీస్ మాటలు పలకలేక తంటాలు పడుతుంటే, నేను సినిమా అంతా ఇంగ్లిష్‌లో లాగిస్తుంటే నీకు మూడు మాటలు రావా అని జాకీ ఏడిపిస్తాడు. అక్కడ తమ్ముడూ నా పార్టీలోకి దూకేశాడు.