టమాటాలో ఎండు తెగులు: సూడోమోనాస్‌తో నా అనుభవం

మదనపల్లె వైపు టమాటా వేసేవాళ్లకు ఎండు తెగులు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొద్దున నిగనిగలాడిన మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. ఆకు పసుపు కూడా తిరగదు. మా చేలో అది మొదలయ్యాక వ్యవసాయ అధికారి వచ్చి, ఒక కాండం కోయించి, కోసిన చివరను గాజు గ్లాసులోని నీళ్లలో ముంచి పట్టుకున్నారు. కాసేపటికి అందులోంచి పాలలాంటి తెల్లటి ధార కిందికి దిగింది. బాక్టీరియా తెగులని తేలిపోయింది. ఇక బూజు మందులు ఎన్ని కొట్టినా డబ్బు దండగే.

అందుకే తర్వాతి పంటకు నాటడానికి ముందే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే మేలు చేసే బాక్టీరియా ఉన్న పొడి తెచ్చుకున్నాను. షాపులో మొదట ఇచ్చిన ప్యాకెట్లు ఎండ తగిలే చోట ఉన్నాయి, గడువు కూడా దగ్గర పడింది. వద్దన్నాను. అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు, వేడికి చచ్చిపోతే మిగిలేది ఉత్త పొడి.

రెండు కిలోల పొడిని వంద కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి, చింతచెట్టు నీడన కుప్ప పోసి తడి గోనె సంచులు కప్పాను. వారం పైనే రోజూ నీళ్లు చిలకరించాం. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. సాయంత్రం పూట, నేల తడిగా ఉన్నప్పుడు సాళ్లలో వేశాం. నాటే రోజు లీటరు నీటికి 10 గ్రాములు కలిపి నారు వేళ్లను అరగంట ముంచాం.

ఈ మంచి బాక్టీరియా వేళ్ల చుట్టూ ముందే చోటు పట్టేస్తుంది, చుట్టుపక్కల మట్టిలోని ఇనుమును తెగులు బాక్టీరియాకు అందకుండా తనే లాగేసుకుంటుంది, మొక్కకూ తట్టుకునే శక్తి పెంచుతుంది. తెగులు వచ్చాక పోస్తే ఆ పని జరగదు. పక్క చేను రైతు 'రాగి మందు కూడా కలిపి పొయ్యి, ఒకే పని అయిపోతుంది' అన్నాడు. రాగి మందు చెడ్డ బాక్టీరియాతో పాటు దీన్నీ చంపుతుందని చెప్పి కలపలేదు.

అసలు మొక్కలే పోలేదని చెప్పను. నీళ్లు నిలిచే పల్లంలో కొన్ని వాడిపోయాయి. వాటిని మట్టితో సహా పెరికి చేను బయట తగలబెట్టాం. మెరకన ఉన్న సాళ్లు మాత్రం చివరి కోత దాకా నిలిచాయి, నాకు చాలా సంతోషమేసింది. వంగ, మిరపకు కూడా ఇదే తెగులు సోకుతుంది కాబట్టి ఈసారి ఆ పల్లంలో మొక్కజొన్న వేస్తున్నాను.