నాన్న సాక్సుల కంటేనా?

"నాన్న జిమ్ సాక్సుల కంటే నావి మురికా?"

పోయిన ఆదివారం మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అడిగి ఊరుకోలేదు. ఇకమీదట తన బట్టలు తనే ఉతుక్కుంటానని, నేను ముట్టుకోవద్దని చెప్పి మెట్లెక్కి పైకి పోయింది. దానికి పదమూడేళ్ళు. నేను చెప్పిందల్లా ఒక్కటే. నెలసరి రోజుల్లో వేసుకున్నవి అందరి బట్టల్లో కలపకు, పక్కన బకెట్లో వెయ్యి, ఆఖర్న విడిగా మెషీన్లో వేస్తాను అన్నాను. మామూలుగానే అన్నాను. మా అమ్మ నాతో అన్నంత కటువుగా అయితే కాదు.

నాకు జవాబు వెంటనే దొరికింది, అదీ సైన్సులో. రక్తం మరక మీద వేడినీళ్ళు పడితే అందులో ఉన్న ప్రోటీన్ గడ్డకట్టి బట్టను పట్టేస్తుంది, ఆ తర్వాత ఒక పట్టాన వదలదు, అందుకే ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. మెట్ల కింద నిలబడి పైకి అరిచి మరీ చెప్పాను. పైనుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. "సరే, నానబెట్టాక అందరివాటితో వెయ్యొచ్చుగా?"

దానికి మాత్రం సైన్సు దొరకలేదు.

మా ఇంట్లో బట్టల చట్టం పెద్దదే. మేముండే ఇంగ్లండ్‌లో వాషింగ్ మెషీన్ చాలా ఇళ్ళలో వంటింట్లోనే ఉంటుంది. బాత్రూంలో షేవర్‌కి తప్ప మామూలు ప్లగ్ పాయింట్ సాధారణంగా పెట్టనివ్వరు, నీళ్ళ పైపూ డ్రెయినూ ఎలాగూ సింకు కింద ఉంటాయి, అందుకని మెషీన్ కూడా అక్కడే. మా ఇంట్లో అయితే స్టవ్వుకి రెండడుగుల దూరంలో, బియ్యం డబ్బా పక్కన. మొదటిసారి మా అమ్మ వచ్చినప్పుడు దాన్ని చూసి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నకి బియ్యం డబ్బా హాల్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ గుంటూరు వెళ్ళిపోయాక కూడా దాన్ని మళ్ళీ వంటింట్లోకి తేవడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంటికొచ్చినవాళ్ళు సోఫా పక్కన ఇరవై కిలోల సోనా మసూరిని చూసి ఏమనుకుంటారో తెలీదు.

తెల్లవీ రంగువీ వేరు చేయడం ఇక్కడివాళ్ళూ చేస్తారు. మాకు అది అన్నిటికన్నా ఆఖరి లెక్క. వంటింటి గుడ్డలూ దేవుడి దగ్గర గుడ్డా ఒక బుట్ట, ఒంటి మీదవి ఒక బుట్ట, లోపలివీ సాక్సులూ మరొకటి. విడిచినవి ముట్టుకున్న చేత్తో ఆరినవి తియ్యకూడదు. మడత పెట్టినవి మంచం మీద ఉంటే విడిచిన బట్ట వాటికి తగలకూడదు. పిల్లలతో మాకు రోజూ గొడవ వచ్చేది ఇక్కడే. మా అమ్మాయి గదిలో ఒక కుర్చీ ఉంది, దాని మీద ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. ఒకసారి తొడిగి తీసేసిన జీన్సూ, రెండుసార్లు వేసిన హుడీ అక్కడుంటాయి. ఉతికినవీ కావు, విడిచినవీ కావు. అలాంటి మధ్యరకం నేను పెరిగిన ఇంట్లో లేదు. ఒంటి మీద నుంచి దిగిన బట్ట దిగినట్టే దొడ్లోకి పోవాలి.

అలాగని ఆ కుర్చీ గురించి ఉపన్యాసం ఇచ్చే నేను, నవంబరులో బయటికి తీసిన కోటు మార్చి దాకా ఉతక్కుండానే వేసుకుంటాను. రైల్లో ఎవరెవరికో రాసుకుని వచ్చిన అదే కోటు, ఇంటికి రాగానే ఉతికిన జాకెట్ల పక్కన హాంగర్‌కి ఎక్కుతుంది. కోటుని విడిచిన బట్ట అని నా బుర్ర ఒక్కనాడూ అనుకోలేదు. చలిదేశం కోసం రాసుకున్న మినహాయింపు అనుకోండి. మరి జీన్స్‌కి ఎందుకివ్వవని మా అబ్బాయి అడిగితే, వాడికి స్పెల్లింగ్ హోంవర్క్ గుర్తు చేశాను.

శుభ్రం కోసమే ఇదంతా అని నేను గట్టిగా నమ్మేదాన్ని. లోదుస్తులూ తువ్వాళ్ళూ 60 డిగ్రీల దగ్గర ఉతకమని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ కూడా చెప్పింది, ఆ ముక్క పట్టుకుని మా ఆయన మీద చాలాసార్లు గెలిచాను. అయితే 2022లో కరెంటు, గ్యాసు ధరలు ఆకాశానికంటినప్పుడు మెషీన్ మీట 30 మీదికి తిప్పిన దాన్ని నేనే. ఇప్పటికీ అక్కడే ఉంది. పైగా ఎనిమిది కిలోల మెషీన్‌ని నాలుగు సాక్సుల కోసం తిప్పలేక, మా ఆయన జిమ్ బట్టలు ఒక్కోసారి గిన్నెలు తుడిచే టీ టవల్స్‌తో కలిపేస్తాను. అమ్మాయి చూసింది అదే. క్రిములు చచ్చేంత వేడి లేదు, మగవాడి చెమటకి వేరే బుట్ట లేదు. దాని బకెట్టు ఒక్కటి మాత్రం కచ్చితంగా వేరు.

ఎందుకు అని ఆ రాత్రి ఆలోచిస్తే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది, తెనాలి దగ్గర. పెరట్లో అమ్మమ్మ మడిచీర కర్రతో ఎత్తి పై దండెం మీద ఆరేసేది, పిల్లల చెయ్యి అందకూడదని. మిగతా బట్టలు చాకలామె వచ్చి మూటగట్టుకుని కాలవకి తీసుకెళ్ళేది. ఎండాకాలం కాలవ కట్టేస్తే చెరువుకి. మైలబట్టలు వేరే మూట. పురిటివీ, చావింటివీ, నెలలో ఆ మూడు రోజులవీ ఇంట్లోవాళ్ళు ముట్టుకోరు, ఆమె ముట్టుకుంటుంది. బానలో ఉడకేసి, బండకేసి బాది, తెల్లగా చేసి తెచ్చేది. తెచ్చాక ఏం చేసేవాళ్ళంటే, మడికి కావలసిన వాటిని మళ్ళీ నీళ్ళలో జాడించేవాళ్ళు, ఆమె చెయ్యి తగిలింది కాబట్టి. మా మైల వదిలించిన చెయ్యే మాకు మైల. ఇది ఎవరికీ వింతగా ఉండేది కాదు. నాకూ లేదు. సాయంత్రం గిన్నె పట్టుకుని వస్తే అన్నం, కూర పెట్టేవాళ్ళు, పంట ఇంటికొచ్చాక ధాన్యం కొలిచేవాళ్ళు. ఆమెకి యాభై దాటి ఉంటాయి, ఎనిమిదేళ్ళ నేను 'ఏమే' అని పిలిచేదాన్ని.

ఇది మర్నాడు అమ్మాయికి చెప్పాను, దాన్ని మెత్తబరచడానికే చెప్పాను, మా కాలంతో పోలిస్తే నీకు ఎంత నయమో చూడు అన్నట్టుగా. అది సగంలో ఆపి, "ఆవిడ పేరేంటి?" అంది. నాకు తెలీదు. కులం పేరు పెట్టే పిలిచేవాళ్ళం. నేను డిగ్రీ చదివిన కోఠీ ఉమెన్స్ కాలేజీ ఇప్పుడు యూనివర్సిటీ అయింది. దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు వాట్సాప్‌లో మా బ్యాచ్ వాళ్ళందరికీ అభినందనలు పంపినదాన్ని నేను. పాలకుర్తిలో తన పొలం కోసం దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడ్డ మనిషి గురించి పిల్లలకి కథలా చెప్పాను కూడా. మా పెరట్లో నిలబడ్డ మనిషి పేరు మాత్రం ఎవర్నీ అడగలేదు. అమ్మకి ఫోన్ చేస్తే అమ్మకీ గుర్తు లేదు.

ఈలోగా మా ఇంట్లో స్వయంప్రతిపత్తి నడుస్తోంది. అమ్మాయి తన బట్టలన్నీ, స్కూల్ చొక్కా, సాక్సులు, బతుకమ్మకి కట్టిన ఎర్ర ఓణీతో సహా, ఒకేసారి పదిహేను నిమిషాల క్విక్ వాష్‌లో వేసింది. చొక్కాలు గులాబీ రంగులో బయటికొచ్చాయి. అది చూసి నాకు కలిగిన ఆనందం ఇక్కడ పూర్తిగా రాయలేను. చూశావా, వేరు చెయ్యమనేది ఇందుకే అని నోటిదాకా వచ్చింది. అది బ్లేజర్ గుండీలు పెట్టేసుకుని స్కూలుకెళ్ళిపోయింది, ఎవరికీ కనబడదట.

ఆడపిల్లలున్న స్నేహితులు నన్ను అడిగితే చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి. చన్నీళ్ళు ముందు. తర్వాత ఇక్కడ దొరికే 'బయో' పౌడర్, అందులోని ఎంజైములు ప్రోటీన్ మరకల్ని కొరికేస్తాయి. పట్టూ ఉన్నీ కూడా ప్రోటీనే కాబట్టి వాటి దగ్గరికి ఆ పౌడర్ రానివ్వకండి. ఇంతవరకు నాకు ధైర్యంగా తెలుసు. ఆపైన ఏ నియమం ఉంచాలి, ఏది తీసెయ్యాలి అంటే తెలీదు. స్నానం చేసి ఉతికిన బట్ట కట్టుకుని దీపం పెట్టడం నాకిష్టం, పిల్లలకీ రావాలని ఉంది. అదీ ఈ బకెట్టూ ఒకే పెరట్లోంచి వచ్చాయి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే మొదటిది నిలుస్తుందా, లేక నేను వంకలు పెట్టి ఏదీ వదలడం లేదా? మా ఆయన్ని అడిగితే, "వేరే వేసుకుంటే పోయేదేముంది, వెయ్యనీ" అన్నారు. ఆయనకి మెషీన్‌లో పౌడర్ ఏ అరలో వెయ్యాలో తెలీదు.

బకెట్టు ప్రస్తుతానికి గార్డెన్ షెడ్‌లో పెట్టాను. పారెయ్యలేదు, ఎందుకంటే మే నెలలో మా అత్తగారు విజిటర్ వీసా మీద వస్తున్నారు, ఆరు నెలలుంటారు. ఆవిడ పూజకి మడి తప్పదు, మెషీన్ వంటింట్లోంచి కదలదు. ఆవిడున్నన్నాళ్ళూ బకెట్టు బయటికి తీస్తావా అని అమ్మాయి ముందే అడిగింది, తీస్తే ఎవరి కోసమో కూడా చెప్పమంది. నానమ్మ పెద్దావిడ కదా అన్నాను. "అయితే నానమ్మకి నేను చెప్పనా?" అంది. వద్దన్నానో, సరేనన్నానో, ఇద్దరిలో ఎవరికీ అర్థం కాని ఒక మాట అని తప్పించుకున్నాను. ఇంకా ఏప్రిల్ మొత్తం ఉంది.