సంతకం చేయని ఒప్పుకోలు: నిలిపివేసిన నా ఖాతాను తిరిగి తెరిపించుకున్న అనుభవం

విశ్వవిద్యాలయంలో నా కంప్యూటర్ ఖాతాను నిలిపివేసిన నాటి నుంచి తిరిగి తెరిచేవరకు జరిగినదంతా, ఖాతా తెరుచుకున్న ఈ వారంలోనే రాసి పెడుతున్నాను. పరిశోధక విద్యార్థికి ఖాతా అంటే మెయిల్ ఒక్కటే కాదు. వైఫై, గ్రంథాలయం చందా కట్టిన పత్రికలు, పరీక్షల విభాగం ఫారాలు, నా లెక్కలు నడిచే క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహం), ఇవన్నీ ఒకే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటాయి కాబట్టి ఆ ఒక్కటి ఆగగానే నా పనంతా ఆగిపోయింది.

కారణం తెలుసుకోవడానికే మొదట అవస్థ పడ్డాను, ఎందుకంటే కారణం వివరించే నోటీసును వాళ్లు మూసివేసిన మెయిల్‌కే పంపారు, అభ్యంతరం తెలిపే ఫారం కూడా లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలో ఉంది. ఇలాంటి పరిస్థితి ఎదురైనవారు ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. నేరుగా కంప్యూటర్ కేంద్రానికి వెళ్లి నోటీసు ప్రతిని కాగితం మీద అడిగి తీసుకోవాలి. నాకు అలాగే దొరికింది.

ఒక పత్రికల ప్రచురణ సంస్థకు చెందిన వ్యాసాలను మా విశ్వవిద్యాలయం ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య) నుంచి ఎవరో ప్రోగ్రాం సాయంతో సంచికలకు సంచికలుగా డౌన్‌లోడ్ చేశారని అందులో ఉంది. గ్రంథాలయాలు ప్రచురణకర్తలతో చేసుకునే ఒప్పందాలు ఇలాంటి పనిని సాధారణంగా నిషేధిస్తాయి, ఫిర్యాదు తేలేవరకు సంస్థ మొత్తానికీ పత్రికలు అందకుండా ఆపే అవకాశం కూడా ఉంటుంది. 2010లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ నుంచి ఆరన్ స్వార్ట్జ్ అనే ప్రోగ్రామర్ జేస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండాగారంలోని వ్యాసాలను పెద్ద ఎత్తున డౌన్‌లోడ్ చేసినప్పుడు, జేస్టోర్ కొన్ని రోజులపాటు ఎంఐటీ మొత్తానికీ తన సేవను ఆపివేసింది. ఒకరి పని వల్ల వేలమంది చదువు ఆగిపోగలదు కాబట్టి, కార్యాలయం ఆ ఫిర్యాదును తీవ్రంగా తీసుకోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ నియమం ఉండవలసిందే. నేను తప్పు పట్టేది విచారణ లేకుండా ఆ ఫిర్యాదును నాకు అంటగట్టిన తీరును.

మా గైడ్ గారి ఉత్తరం, శాఖాధిపతి సంతకం సులువుగానే వచ్చాయి. అసలు కథ పరిపాలనాధికారి గదిలో జరిగింది.

ఆయన నా ముందుకు తోసిన హామీపత్రం అప్పటికే అచ్చువేసి ఉంది. పేరుకూ రోల్ నంబరుకూ మాత్రం ఖాళీలు వదిలారు. "నేను నియమావళిని ఉల్లంఘించి వ్యాసాలను సామూహికంగా డౌన్‌లోడ్ చేశానని అంగీకరిస్తున్నాను" అన్న మొదటి వాక్యాన్ని ఆయన గదిలో అందరికీ వినిపించేలా పైకి చదివారు. వైఫై దరఖాస్తులతో నా వెనుక నిలబడినవారిలో ఇద్దరు, నేను ల్యాబ్‌లో పాఠం చెప్పే జూనియర్లు. ఆయన చదువుతున్నంతసేపూ వాళ్లు తమ చేతిలోని కాగితాల వంక చూస్తూ ఉండిపోయారు.

"సంతకం పెట్టమ్మా, సాయంత్రానికల్లా తెరిచేస్తాం. అందరూ పెట్టేదే" అన్నారు.

"చేయని పనికి ఎలా పెట్టమంటారు సార్?" అని అడిగాను.

"లాగ్‌లో నీ పేరే ఉంది. లాగ్ అబద్ధం చెబుతుందా?"

లాగ్ అంటే యంత్రం తనంతట తానే రాసుకునే నమోదు కాబట్టి, ఆ మాటకు వెంటనే జవాబు తోచలేదు. బయటికి వచ్చి గైడ్ గారికి ఫోన్ చేస్తే ఆవిడ కూడా "పెట్టేయమ్మా, పని ఆగిపోతుంది కదా" అన్నారు. కార్యాలయం అనుమానించినదానికంటే నన్ను ఎన్నేళ్లుగానో ఎరిగిన మనిషి ఆ మాట అనడమే ఎక్కువ బాధపెట్టింది. పైగా క్లస్టర్‌లో స్క్రాచ్ అనే తాత్కాలిక నిల్వ విభాగంలోని ఫైళ్లు కొంతకాలం ముట్టుకోకపోతే వాటంతటవే తొలగిపోతాయి. నా సిమ్యులేషన్ ఫలితాలు అక్కడే ఉన్నాయి. అయినా నేను సంతకం పెట్టలేదు. ఒప్పుకోలు కాగితం ఫైలులో శాశ్వతంగా ఉండిపోతుంది, రేపు మరో పొరపాటు ఫిర్యాదు వస్తే అది రెండో ఉల్లంఘన అవుతుంది, రెండో ఉల్లంఘనకు మా నియమావళిలో శిక్ష చాలా పెద్దది. పని ఆగుతుందన్న భయాన్ని చూపించి విద్యార్థి చేత నేరం ఒప్పించుకోవడం ఏ నియమావళి పేరుతో జరిగినా అన్యాయమే.

మర్నాడు లాగ్ చూపించమని లిఖితపూర్వకంగా అడిగాను. ఇతరుల వివరాలు ఉంటాయి కాబట్టి కుదరదన్నారు. నాకు సంబంధించిన వరుస ఒక్కటి, దాంతోపాటు ప్రచురణ సంస్థ పంపిన అసలు ఫిర్యాదు చాలునన్నాను. చివరికి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ దగ్గరికి పంపారు. అక్కడికి ముందే వెళ్లి ఉంటే ఆ గదిలో ఆ మాటలు పడవలసిన అవసరమే ఉండేది కాదు. ఎవరికైనా నేను గట్టిగా చెప్పే సలహా ఇదే: ముద్రలు వేసే అధికారి కంటే ముందు, లాగ్ చదవగల మనిషిని కలవండి.

ఆయన ఓపికగా వివరించారు. క్యాంపస్‌లోని యంత్రాలన్నీ న్యాట్ అనే చిరునామా మార్పిడి పద్ధతి ద్వారా కొద్దిపాటి బహిరంగ ఐపీ చిరునామాలను పంచుకుంటాయి కాబట్టి, బయటివారికి కనిపించే ఒక చిరునామా వెనుక ఒకే సమయంలో ఎంతోమంది ఉంటారు. వారిలో ఒకరిని గుర్తించాలంటే చిరునామాతోపాటు పోర్ట్ సంఖ్య (ఒకే చిరునామా వాడే కనెక్షన్లను వేరుచేసే అంకె), కచ్చితమైన సమయం కూడా కావాలి. సర్వర్లు పోర్ట్ సంఖ్యను నమోదు చేయాలని, సమయాన్ని వీలైతే యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే ప్రామాణిక సమయంలో, సెకను వరకు రాయాలని 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6302 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం సూచిస్తుంది. ప్రచురణ సంస్థ ఈ మూడింటినీ సరిగ్గానే పంపింది.

ఫిర్యాదును తెరమీద పక్కనే పెట్టి చూస్తుండగా సమయం చివర అంకెలకు అతుక్కుని ఉన్న జెడ్ అనే అక్షరం నా కంటబడింది. 09:40 తరువాత జెడ్. తేదీ, సమయం రాయడానికి ఉన్న ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ పద్ధతిలో ఆ అక్షరం ఉంటే అది యూటీసీ సమయమని అర్థం. సిమ్యులేషన్ ఫలితాల్లో రోజూ చూసే అక్షరం కాబట్టి నాకది వెంటనే తట్టింది, కార్యాలయంలో అంతమంది చూసినా ఎవరికీ తట్టనిది నేను పట్టుకున్నందుకు గర్వంగానే ఉంది. మన కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అంటే ఫిర్యాదులోని సంఘటన జరిగింది మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు. వీళ్లు వెతికింది ఉదయం 9 గంటల 40 నిమిషాల వరుసలో. ఆ పోర్ట్ ఉదయం నా ల్యాప్‌టాప్ పేరు మీద ఉంది, మధ్యాహ్నానికి న్యాట్ దాన్ని వేరొకరికి కేటాయించింది. ఆ న్యాట్ లాగ్‌లో ఎవరు ఏ సైటుకు వెళ్లారన్నది ఉండదు, ఏ పోర్ట్ ఎప్పుడు ఎవరిదన్నదే ఉంటుంది. అందుకే ఆ పొరపాటు మరోవైపు నుంచి బయటపడే వీలు లేకపోయింది.

ఆయన మధ్యాహ్నపు వరుసను తనే చూసుకుని, నా పేరు లేదని చెప్పి, తెర నావైపు నుంచి తిప్పేశారు. ఆ పేరు నేను అడగలేదు. అది నాకు తెలియవలసిన విషయం కాదు.

ఆయన రాసిచ్చిన నోట్ తీసుకుని వెళ్తే పరిపాలనాధికారి క్షమాపణ చెప్పలేదు సరికదా, ఫైలు మూయాలంటే హామీపత్రం ఉండాల్సిందేనన్నారు. నేను అచ్చువేసిన మొదటి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, "నియమావళిని చదివాను, పాటిస్తాను. ఫిర్యాదులో చెప్పిన పని నేను చేయలేదు" అని నా చేతిరాతతో రాసి, తేదీ వేసి, ఒక ప్రతి మీద అందినట్లు ముద్ర వేయించుకున్నాను. ముద్ర పడేవరకు కుర్చీలోంచి లేవలేదు. ఖాతా ఆ సాయంత్రమే తెరుచుకుంది. అడ్మినిస్ట్రేటర్ తొలగింపు గడువు పొడిగించి ఉంచడం వల్ల నా ఫైళ్లు ఒక్కటీ పోలేదు.

ఫిర్యాదు ఉపసంహరణ ఉత్తరం కూడా ఇచ్చారు గానీ, అందులో "సాంకేతిక కారణాల వల్ల" చర్య విరమించుకున్నామని మాత్రమే ఉంది. ఆరోపణ నాకు వర్తించదని స్పష్టంగా రాయమని, సమయం తప్పుగా చదవడాన్ని కూడా అందులో పేర్కొనమని రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టాను. దానికి నంబరు పడింది, జవాబు ఇంకా రాలేదు.