మేడమీద డబ్బా

విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధిని ఈ ఏడాది మూడుసార్లు తవ్వారు. తవ్విన ప్రతిసారీ మా ఇంటర్నెట్ కేబుల్ తెగింది. విసుగెత్తి మేడమీద, టవర్ నుంచి 5జీ సిగ్నల్ అందుకుని ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే డబ్బా బిగించుకున్నాను. తీగ లేదు, తవ్వకం లేదు. ఆ రాత్రే అనిపించింది, ఇక వైర్ల కాలం చెల్లింది, ఇలాంటి డబ్బాలు ఇచ్చే కంపెనీల షేర్లు కొనాలని.

ఆర్కే బీచ్‌లో నడుస్తూ మా బావగారికి చెప్పాను. ఆయన టెలికాం ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. "క్లియర్‌వైర్ సంగతి తెలుసా?" అన్నారు. అమెరికా కంపెనీ. వైమాక్స్ అనే వైర్‌లెస్ టెక్నాలజీతో ఇంటింటికీ తీగలేని ఇంటర్నెట్ అంటూ 2007లో షేరు 25 డాలర్లకు అమ్మింది. 2013లో స్ప్రింట్ అనే మరో అమెరికా టెలికాం కంపెనీ దాన్ని పూర్తిగా కొనేసినప్పుడు వాటాదారులకు దక్కింది షేరుకు 5 డాలర్లు. టవర్లకు డబ్బు పోస్తూ ఉండగానే ప్రపంచం దానికి పోటీగా వచ్చిన ఎల్టీఈ, అంటే మన ఫోన్లలోని 4జీ వైపు వెళ్లిపోయింది.

పైగా మన దగ్గర ఎయిర్‌ఫైబర్ పేరుతో ఈ 5జీ డబ్బా ఇంటర్నెట్ అమ్ముతున్న జియో, ఎయిర్‌టెల్ రెండూ ఫైబర్ కూడా వేస్తున్నాయి. డబ్బా చూసి ముచ్చటపడి షేరు కొంటే చేతికొచ్చేది మొత్తం టెలికాం వ్యాపారం, దాని అప్పులతో సహా.

"తీగ లేదంటావు, మరి టవర్ దాకా డేటా దేనిమీద వస్తోంది?" అని కూడా అడిగారు. నేను పల్లీలు తింటూ ఊరుకున్నాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు టవర్లు కూడా మూగబోయిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

చివరికి అనుకున్న దాంట్లో నాలుగో వంతే కొన్నాను. డబ్బా మాత్రం చక్కగా పనిచేస్తోంది, వీధి వీధంతా సీరియళ్లు చూసే రాత్రి తొమ్మిదింటికి తప్ప.