లేవీయకాండం దగ్గర ఆగిపోయేదాన్ని

ఈరోజు శనివారం. పొద్దున్నించీ చేసిందల్లా రెండు బకెట్ల బట్టలు ఉతకడం, కరెంటు పోయిందని తిట్టుకోవడం, సాయంత్రం అమ్మమ్మ పక్కన కూర్చుని కందికాయలు ఒలవడం. రేపటి సండే స్కూలు పాఠం ఇంకా తయారు కాలేదు, ఆ టెన్షన్ ఒకటి.

పాఠం మత్తయి మొదటి అధ్యాయం, యేసు వంశావళి. ఎవరికిచ్చినా వద్దనే అధ్యాయం అది. అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను, ఇలా పేర్లే పేర్లు. పోయిన వారం ఒక పిల్లాడు ముందే అడిగేశాడు, "టీచర్, ఇవన్నీ బట్టీ పట్టాలా?" అని.

నిజం చెప్పాలంటే నేనూ దాటేసే రకమే. ప్రతి జనవరిలోనూ ఈసారి బైబిల్ మొత్తం చదివేస్తానని మొదలుపెడతాను, ఆదికాండం పరుగెడుతుంది, నిర్గమకాండంలో ఎర్ర సముద్రం దాటేదాకా బానే ఉంటుంది, గుడారం కొలతలు వచ్చేసరికి ఆవలింతలు, లేవీయకాండం దగ్గరికి ఫిబ్రవరి వచ్చేస్తుంది, ఇక అంతే సంగతులు. మిగతా ఏడాదంతా కీర్తనలూ, ఏడాదికొక వచనం అచ్చేసి ఇచ్చే వాగ్దానం కార్డు ఫ్రిజ్ మీదా. ఈసారి నాకొచ్చింది యిర్మీయా 29:11, మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే గానీ కీడుకి కాదని దేవుడు చెప్పే వచనం. బబులోనుకి చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలో మాట అది. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది. ఆ పదో వచనం అచ్చేసిన కార్డు మాత్రం ఇంతవరకూ నా కంటపడలేదు.

అమ్మమ్మకి చూపు ఆనదు, అందుకని ఒలుస్తూనే పైకి చదువుతున్నాను. "శల్మాను రాహాబునందు బోయజును కనెను, బోయజు రూతునందు ఓబేదును కనెను" అనగానే చేతిలో కాయ అలాగే పట్టుకుని, "పరిగె ఏరుకున్న పిల్లేగా" అంది.

అమ్మమ్మ పరిగె ఏరింది. ఏడెనిమిదేళ్లప్పుడు, వరి కోతలయ్యాక, వాళ్లమ్మ వెనకాల. ఒడి కట్టుకుని, మట్టిలో తొక్కుడుపడిన వెన్నులు వెతుక్కుంటూ, వరి కొయ్యలు పాదాల్లో గుచ్చుకుంటుంటే. రూతు బోయజు పొలంలో ఒక్కరోజు ఏరింది దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయని బైబిల్లో ఉందని చెప్పాను. నవ్వింది. "తూమెడా! మాకు పొద్దుగూకేదాకా ఏరినా ఒక పూట గంజికి వచ్చేవి. బోయజు కావాలని పిడికెళ్లు జారవిడవమన్నాడు కాబట్టి ఆ పిల్లకి అన్ని వచ్చాయి. మా ఆసామి కుప్ప వేసేదాకా చేలో అడుగే పెట్టనిచ్చేవాడు కాదు."

ఇన్నేళ్లు చర్చికి వెళ్లి రూతు మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో, తూమెడు అంటే ఎంతో ఒక్కసారీ ఆలోచించలేదు.

అప్పుడు లేచి వెళ్లి వెతికాను. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలినది ఏరుకోకూడదు, బీదలకీ పరదేశులకీ వదిలేయాలి. ఎక్కడుందనుకున్నారు? లేవీయకాండం 19లో. మళ్లీ 23లోనూ. నేను ఏటా ఫిబ్రవరిలో మూసేసే పుస్తకంలో. ఆ రెండు వాక్యాలు లేకపోతే మోయాబు నుంచి వచ్చిన విధవరాలు రూతుకి బేత్లెహేము చేలో కాలు పెట్టే హక్కే లేదు, ఓబేదు లేడు, ఓబేదు మనవడు దావీదు లేడు. ఇక బోయజు తల్లి రాహాబు, యెరికో నుంచి వచ్చిన పరాయి పిల్ల. పరాయి ఆడది తన ఊళ్లో ఎలా బతుకుతుందో బోయజుకి ఒకరు చెప్పాలా? రూతు పుస్తకంలో ఈ ముక్క లేదు, నేను విసుక్కున్న ఈ పేర్ల చిట్టాలోనే ఉంది. బైబిల్లో 66 పుస్తకాలూ దేనికదే అనుకుని, ఒక్కోదాంట్లో నచ్చిన వచనం కోసుకుపోయే నాలాంటివాళ్లకి ఇది ఎప్పటికి కనబడాలి!

చిట్టా మొదలయ్యేది అబ్రాహాముతో. భూమ్మీది వంశాలన్నీ నీవల్ల ఆశీర్వాదం పొందుతాయని ఆయనకి మాట ఇచ్చాడు దేవుడు. అన్నీ అంటే మా వంశం కూడా అన్నమాట. మాది ఒంగోలు వైపు. 1876లో మొదలైన ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. అందులో మా వాళ్లూ ఉన్నారని అమ్మమ్మ గట్టిగా అంటుంది. (ఒంగోలు చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా అదే మాట అంటారు, లెక్క వేస్తే 2,222 ఏ మూలకీ చాలదు.)

రూతు కథ కూడా కరువుతోనే మొదలవుతుందని ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

కరెంటు వచ్చింది. పాఠం ఇంకా కాగితం మీద పెట్టలేదు కానీ పిల్లలకి పేర్లు బట్టీ పెట్టించనని మాత్రం ఖాయం చేసుకున్నాను. రూతు దగ్గర ఆగుతాను. అమ్మమ్మని అడిగాను, "నువ్వు పరిగె ఏరిన సంగతి రేపు పిల్లలకి చెప్పనా? సిగ్గనిపిస్తే వద్దులే."

ఒలిచిన కందులు చేటలోకి ఒంపుతూ, "సిగ్గెందుకే. చెప్పు. ఆ ఆసామి సంగతి కూడా చెప్పు" అంది.