చెక్కు మీద పేరు వరకే

వాషింగ్టన్‌కు ఆనుకుని ఉన్న ఉత్తర వర్జీనియాలో ఒక చిన్న అకౌంటింగ్ సంస్థలో నేను పనిచేస్తున్నాను. మా క్లయింట్లలో దుకాణాలూ క్లినిక్‌లూ కొన్ని ఉన్నా, ఎక్కువ పని రాజకీయ సంస్థల లెక్కలదే. ఎన్నికల్లో గెలుపోటములను ప్రభావితం చేయడానికే పుట్టిన ఈ సంస్థలకు అమెరికా పన్ను చట్టంలోని 527వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. అందుకోసం వచ్చే విరాళాల మీద వాటికి ఆదాయపు పన్ను లేదు. బదులుగా, డబ్బు ఎవరిచ్చారో, ఎక్కడ ఖర్చు పెట్టారో అవి బయటపెట్టాలి. ఆ బయటపెట్టే పనిలో గుమాస్తా వంతు నాది.

1975లో ఈ సెక్షన్ వచ్చినప్పుడు మినహాయింపు ఉంది గానీ ఇప్పటి వెల్లడి నిబంధన లేదు. పాతికేళ్ళు అలాగే గడిచింది. 2000 మార్చిలో, అధ్యక్ష పదవికి పార్టీల అభ్యర్థులను తేల్చే ప్రైమరీలు జోరుగా సాగుతున్నప్పుడు, ‘రిపబ్లికన్స్ ఫర్ క్లీన్ ఎయిర్’ అనే పేరుతో, రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి జార్జ్ బుష్‌తో పోటీపడుతున్న జాన్ మెకెయిన్‌ను తప్పుపడుతూ టీవీల్లో ప్రకటనలు వచ్చాయి. పేరు చూస్తే పర్యావరణ సంఘం అనిపించే దాని వెనక ఉన్నది బుష్‌ను బలపరిచే టెక్సాస్ ధనికులు వైలీ సోదరులని, ఖర్చు సుమారు 25 లక్షల డాలర్లని తరువాత తెలిసింది. ఆ ఏడాది జులై 1న అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం సంస్థ ఏర్పడిన 24 గంటల్లోగా 8871 అనే ఫారంతో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు తెలియజేయాలి. ఆ తరువాత నిర్ణీత కాలానికొకసారి 8872 ఫారంలో జమాఖర్చులు చూపించాలి. ఫెడరల్ ఎన్నికల సంఘానికి లెక్కలు చెప్పుకునేవాటికి, ఒకే రాష్ట్రానికి పరిమితమై అక్కడి ప్రభుత్వానికే లెక్కలు ఇచ్చేవాటికి ఇందులో మినహాయింపులున్నాయి. మేము చూసేవి పలు రాష్ట్రాల గవర్నర్, శాసనసభ ఎన్నికల్లో పనిచేసేవి కాబట్టి 8872 తప్పదు. దాచిన మొత్తం మీద కార్పొరేట్ పన్ను రేటు, అంటే ఇప్పుడు 21 శాతం పడుతుంది.

ఒక ఏడాదిలో ఒక మనిషి ఇచ్చిన మొత్తం 200 డాలర్లకు చేరితే ఆయన పేరు, చిరునామా, వృత్తి, ఎక్కడ పనిచేస్తున్నదీ రాయాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ‘ఒక మనిషి’ ఎవరో తేల్చడమే అసలు పని, తెలుగువాళ్ళ విరాళాల దగ్గర మరీను. ఒకాయన వెబ్‌సైట్‌లో 150 డాలర్లు ఇచ్చేటప్పుడు ఇంటిపేరు చివర రాస్తారు. మరో నెలలో చెక్కు పంపేటప్పుడు మన పద్ధతిలో ముందు రాస్తారు. సాఫ్ట్‌వేర్ వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కగట్టి, ఎవరూ 200కు చేరలేదని రెండు పేర్లనూ జాబితా నుంచి తప్పిస్తుంది. దీనికి సరిగ్గా తిరగబడ్డ తప్పు కూడా నేను చూశాను. టెక్సాస్‌లో ఒకే జిప్‌కోడ్‌లో ఉన్న ముగ్గురు వేరువేరు వెంకటలను మా ఆఫీసులో ఒకరు ఒకే దాతగా కలిపేశారు. ‘వెంకట’ అనేది మనవాళ్ళలో సగం మందికి పేరులో ఉంటుందని అమెరికన్ సహోద్యోగికి తెలిసే దారి లేదు కదా! అప్పటినుంచి భారతీయ పేర్లున్న ఫైళ్ళన్నీ, గుజరాతీ పేర్లతో సహా, నా బల్ల మీదికే వస్తున్నాయి.

వృత్తి గడి సంగతి వేరు. కొందరు ఖాళీగా వదిలేస్తారు, వాళ్ళకు ఉత్తరం రాస్తాం. కొందరు ‘కన్సల్టెంట్’ అని రాస్తారు, దాంతో ఎవరికీ ఏమీ తెలియదు. అబద్ధం కాదు కాబట్టి మేము మార్చలేము. ఎన్నికల సంవత్సరంలో మూడో త్రైమాసికం రిపోర్టు అక్టోబర్ 15కు వెళ్ళాలి. ఆ వెంటనే, ఫెడరల్ ఎన్నికల్లో కూడా ఖర్చు పెట్టినవారికి, పోలింగ్‌కు 12 రోజుల ముందు ఇవ్వాల్సిన రిపోర్టు ఉంటుంది. ఆ నెలలో బతుకమ్మకు ఫలానా కమ్యూనిటీ సెంటర్‌కు రమ్మని పిలిచినవాళ్ళకు నేను ప్రతిసారీ చెప్పే సమాధానం ఒకటే కావడంతో ఇప్పుడు పిలవడం మానేశారు.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. విదేశీయులు అమెరికాలో ఏ స్థాయి ఎన్నికకూ విరాళం ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఫెడరల్ చట్టం ఆ వీలు ఇచ్చింది గానీ నాలాంటి వారికి లేదు. అంతేకాదు, ఎన్నికల డబ్బు ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి అనే నిర్ణయాల్లో కూడా పాలు పంచుకోకూడదు. అందుకని క్లయింట్లతో సమావేశంలో పాత లెక్కలు అయిపోయి, ‘వచ్చే నెల డబ్బు ఏ రాష్ట్రానికి’ అనే మాట మొదలయ్యేసరికి మా మేనేజర్ నా వైపు చూస్తారు, నేను ల్యాప్‌టాప్ మూసుకుని బయటికి వస్తాను. లోపల తేలినదంతా మూడు నెలలకు ఖర్చుల పట్టికగా నా దగ్గరికే వస్తుంది. ఒక ఏడాదిలో ఒకరికి ఇచ్చినది 500 డాలర్లకు చేరితే, ఆ చెల్లింపు ఎవరికి, ఎందుకు అన్నది నేనే రాస్తాను. ఇందులో నాకు అవమానమేమీ తోచలేదు. జాగ్రత్తపడే ఆఫీసు దొరకడమే మేలు.

నాకు అసంతృప్తి ఉన్నది ఫారం అడగని దాని గురించి. చెక్కు మీద ఉన్న పేరును అది రాయమంటుందే గానీ, ఆ చెక్కుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అడగదు. పన్ను చట్టంలోని 501(సీ)(4) సెక్షన్ కింద నడిచే ‘సాంఘిక సంక్షేమ’ సంస్థలు తమ దాతల పేర్లు ప్రజలకు చెప్పనక్కరలేదు. 2020 నుంచి ఐఆర్‌ఎస్‌కు కూడా ఏటేటా చెప్పనక్కరలేదు. అలాంటి సంస్థ ఒకటి మా క్లయింటుకు పెద్ద మొత్తం ఇస్తే, మేము ఆ సంస్థ పేరు, చిరునామా పొల్లుపోకుండా రాసి పంపుతాం, చట్టాన్ని పాటించినట్టే. 200 డాలర్లు ఇచ్చిన రిటైర్డ్ టీచర్ ఇంటి నంబరుతో సహా ఎవరైనా చూడవచ్చు, ఆ పెద్ద మొత్తం ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు.

మన దేశంలో ఇది కొత్త సంగతి కాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 13ఏ సెక్షన్ పార్టీలకు మినహాయింపు ఇచ్చి, 20,000 రూపాయలు దాటిన విరాళాల వివరాలు రాసుకోమంది. కాగితం మీద చూస్తే 200 డాలర్లకూ దానికీ పెద్ద తేడా లేదు. ఇచ్చినవారి పేరు బయటికి చెప్పనక్కరలేని ఎన్నికల బాండ్లు వచ్చాక ఆ నియమానికి విలువ లేకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేశాక, మార్చిలో జాబితాలు వెలువడ్డాయి. కొనుగోలుదారుల్లో రెండో స్థానంలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో కనిపించింది. కానీ కొన్నవాళ్ళ జాబితా వేరు, తీసుకున్న పార్టీల జాబితా వేరు. బాండ్ల నంబర్లు వచ్చేదాకా ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో కలపడానికి వీలు లేకపోయింది. నాన్న ఫోన్‌లో, “నీ పని కూడా ఇలాంటిదేనా?” అని అడిగారు. ఆ రెండు జాబితాలను కలిపి చూపించే పని నాదని చెప్పాను.

ఇక్కడి తెలుగువారు ఎక్కువగా అడిగేది, “గుడికి ఇచ్చినట్టే కదా, టాక్స్‌లో తగ్గుతుందా?” అని. తగ్గదు. పన్ను లేనిది సంస్థకే, ఇచ్చినవారికి కాదు. పార్టీలకు ఇచ్చినదాని మీద దాతకు పన్ను తగ్గించే 80జీజీసీ సెక్షన్ ఇండియాలో అలవాటైనవారు ఇది నమ్మడానికి కొంత సమయం పడుతుంది. సంస్థకు కూడా విరాళాల మీదే మినహాయింపు, బ్యాంకు వడ్డీలాంటి ఆదాయం 100 డాలర్లు దాటితే మామూలుగా పన్ను కట్టాల్సిందే.

ఒకసారి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. నా పేరు వినగానే తెలుగులోకి మారి, “చూడమ్మా, గూగుల్‌లో నా పేరు కొడితే ఇంటి అడ్రస్‌తో సహా వస్తోంది. అది తీయించెయ్యి” అన్నారు. అది చట్టం ప్రకారం పెట్టిందని, తీయడం మా చేతుల్లో లేదని మర్యాదగానే చెప్పాను. “మరి నా కంపెనీ పేరు మీద ఇస్తేనో?” అన్నారు. అలాంటి సలహా నేను ఇవ్వకూడదండీ అని ఫోన్ మా మేనేజర్‌కు కలిపాను. తరువాతి త్రైమాసికం జాబితాలో ఆయన పేరు లేదు. దాని బదులు నేనెప్పుడూ వినని ఒక ఎల్‌ఎల్‌సీ కంపెనీ ఉంది, ఇంటి చిరునామా మాత్రం అదే.