జైలులో ఉన్న న్యాయవాదికి హార్వర్డ్ గౌరవం

2019 మార్చిలో అంతర్జాతీయ మహిళా దినోత్సవ సందర్భంగా హార్వర్డ్ లా స్కూల్ ఏర్పాటు చేసిన చిత్రపటాల ప్రదర్శనలో సుధా భరద్వాజ్‌కు చోటు దక్కే నాటికి, ఆమె పుణెలోని యరవాడ జైలులో విచారణ ఖైదీగా ఉన్నారు. 2018 ఆగస్టు 28న, హైదరాబాదులో వరవరరావును అరెస్టు చేసిన రోజునే, 2018 జనవరిలో పుణె సమీపంలో జరిగిన హింసకు సంబంధించిన భీమా కోరెగావ్ కేసులో ఆమెనూ అరెస్టు చేశారు. అమెరికాలో పుట్టి, ఆ పౌరసత్వాన్ని వదులుకుని, కాన్పూర్ ఐఐటీలో గణితం చదివి, ఛత్తీస్‌గఢ్ కార్మికుల మధ్య దశాబ్దాలు గడిపిన ఆమె, వారి కేసులు వాదించడానికే నలభయ్యో పడికి చేరువలో న్యాయవాది అయ్యారు.

నేరం రుజువు కాకముందే నలుగురూ మొహం చాటేసే వేళ ఆమె కృషిని పేరుపెట్టి గుర్తించడమే ఈ గౌరవానికి అసలు విలువ అని నా నమ్మకం. ముంబైలోని బైకుల్లా జైలుకు మార్చిన తరువాత కూడా ఆమె తోటి మహిళా ఖైదీలకు దరఖాస్తులు రాసిపెట్టారు. ఆమెకు మాత్రం బెయిలు 2021 డిసెంబరులో గాని రాలేదు.